తెల్లవారుజాము మూడు గంటల కరెంటు: రొయ్యల చెరువు మీద సోలార్, బ్యాటరీ డైరీ

నరసాపురం నుంచి పేరుపాలెం వెళ్ళే దారిలో మాకు రెండు చెరువులున్నాయి, కలిపి రెండున్నర ఎకరాలు. వనామి రకం రొయ్య వేస్తాం. తెడ్డు చక్రంతో నీటిని చిలికి ఆక్సిజన్ కలిపే 2 హెచ్‌పీ ఏరేటర్లు ఆరు, 25 కేవీఏ జనరేటర్ ఒకటి. 2024 సెప్టెంబరులో ఒక రాత్రి కరెంటు పోయింది. జనరేటర్‌ను స్టార్ట్ చేసే సెల్ఫ్ బ్యాటరీ చచ్చిపోయి ఉంది. వేరే బ్యాటరీ తెచ్చి బిగించేసరికి గంటా యాభై నిమిషాలు గడిచాయి. నీటిలో కరిగిన ఆక్సిజన్, మేమంతా డీఓ అనేది, లీటరుకు 0.9 మిల్లీగ్రాములకు పడింది. తెల్లారేసరికి దాదాపు 1,100 కిలోల రొయ్య పోయింది. ఆ రోజు ధరకు మూడు లక్షల రూపాయలు.

ఈ డైరీ ఆ తర్వాత చేసిన పనిది. ఇదే పని చేయాలనుకునేవారు కొలతలు తీసుకోండి, తప్పులు వదిలేయండి. నేను డబ్బు పెట్టి నేర్చుకున్నవన్నీ ఇందులో రాశాను.

దశ 0: కొలవడం (2025 జనవరి – ఏప్రిల్)

ఏమీ కొనకముందు ఒక పంట కాలమంతా కొలతలే. చేసినవి:

1. కరెంటు పోయిన సమయం, వచ్చిన సమయం నోటుపుస్తకంలో రాయడం. కాపలా ఉండే మావయ్య 120 రోజులూ ఒక్క పూట తప్పకుండా రాశారు.
2. ఒక్కో ఏరేటర్ ఎంత లాగుతుందో క్లాంప్ మీటరుతో చూడడం. నడిచేటప్పుడు 2.9 ఆంపియర్లు, 1.55 కిలోవాట్లు. స్టార్ట్ అయ్యే క్షణంలో 19 ఆంపియర్లు.
3. జనరేటర్‌లో డీజిల్ కొలబద్దతో చూడడం. ఆరు ఏరేటర్లతో గంటకు 3.2 లీటర్లు.

రెండో కొలతలోని 19 ఆంపియర్లను అప్పుడు పుస్తకంలో రాసి ఊరుకున్నాను. జులైలో దానికి మూల్యం చెల్లించాను.

రాత్రి పదికీ ఉదయం ఆరుకూ మధ్య కరెంటు 61 సార్లు పోయింది. అందులో 52 సార్లు గంట లోపే తిరిగి వచ్చింది. ఏడుసార్లు ఒకటి నుంచి మూడు గంటలు. మూడు గంటలు దాటింది రెండుసార్లే. పగలు పోయినవీ, వోల్టేజీ తగ్గి మేమే ఆపేసినవీ కలిపితే ఆ పంటకు జనరేటర్ 140 గంటలు నడిచింది. డీజిల్ 448 లీటర్లు. లీటరు 97 రూపాయలు వేసుకుంటే 43,456 రూపాయలు. యూనిట్ లెక్కన చూస్తే 33 రూపాయలు పడింది. అదే యూనిట్ ఆక్వా జోన్ చెరువులకు ప్రభుత్వం ఇచ్చే రాయితీలో లైను మీద 1.50 రూపాయలకు వస్తుంది.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది: మా దగ్గర ఎండను యూనిట్లుగా మారిస్తే డబ్బు మిగలదు, డీజిల్ గంటల్ని బ్యాటరీతో తప్పిస్తే మిగులుతుంది. కానీ అప్పటికే ప్యానెళ్ళ ధర అడగడం మొదలుపెట్టాను.

బ్యాటరీ పరిమాణం మాత్రం సరిగ్గానే లెక్కవేశాను. కరెంటు పోయినప్పుడు ఆరింటిలో నాలుగు నడిస్తే రొయ్య బతుకుతుంది. నాలుగుకు 6.2 కిలోవాట్లు, మూడు గంటలకు 18.6 యూనిట్లు. ఇన్వర్టర్ నష్టం, బ్యాటరీ అడుగున వదలాల్సిన పది శాతం కలిపితే 22.5. కాబట్టి 51.2 వోల్టులు, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాకులు ఐదు, మొత్తం 25.6 యూనిట్లు. రోజంతా వాడే కరెంటును చూసి బ్యాటరీ కొంటే దీనికి ఆరేడు రెట్లు పెట్టాలి. ప్రమాదం ఉన్న గంటల్ని చూసి కొనండి.

ఖర్చు: రీడింగులు దాచే మీటరు 4,200, క్లాంప్ మీటరు 3,600.
ఇప్పటిదాకా: 7,800 రూపాయలు.

దశ 1: ప్యానెళ్ళు, పునాదులు (మే – జూన్)

550 వాట్ల ప్యానెళ్ళు 16, మొత్తం 8.8 కిలోవాట్లు. చెరువుల మధ్య గట్టు మీద, మూడు మీటర్ల ఎత్తున, 12 డిగ్రీల వాలుతో, దక్షిణ ముఖంగా. చట్రం మొత్తం తయారైన తర్వాత జింకులో ముంచిన ఇనుముది. మా గాలిలో ఉప్పు ఉంది. పైపూత ఇనుము ఇక్కడ రెండు వానాకాలాలు నిలవదు.

ఇక్కడ చేసిన తప్పు పునాది. మేస్త్రీ గారు గట్టు మట్టి చూసి, "లోపల బంకమట్టి, వానకు జారుతుంది, సరుగుడు బాదులు దిగేద్దాం బాబూ" అన్నారు. నేను 1.2 మీటర్ల గుంత, కాంక్రీటు చాలన్నాను. జూన్ ఆఖరు వానలకే చెరువు వైపున్న రెండు కాళ్ళు 38 మిల్లీమీటర్లు దిగాయి. నీటిమట్టం గొట్టంతో చూస్తే చట్రం ఒక మూలకు మెలిపడి ఉంది. ఆ మెలిక ప్యానెల్ అద్దం మీదికి వెళ్తే పగులుతుంది. మేస్త్రీ గారిని మళ్ళీ పిలిచి, ఆయన మొదట చెప్పిందే చేయించాను:

1. ప్యానెళ్ళన్నీ దించడం.
2. ఒక్కో కాలి కింద మూడు మీటర్ల సరుగుడు బాదులు నాలుగు దిగేయడం.
3. కాళ్ళన్నిటినీ కలుపుతూ కాంక్రీటు దూలం పోయడం.
4. పది రోజులు ఆగి మళ్ళీ ఎక్కించడం.

తర్వాత డిసెంబరు దాకా కొలిస్తే 2 మిల్లీమీటర్లకు మించి కదలలేదు.

ఖర్చు: ప్యానెళ్ళు వాటుకు 19 రూపాయల లెక్కన 1,67,200, దాని మీద 12 శాతం జీఎస్టీతో 1,87,264. చట్రం 72,000. మొదటి పునాది 21,000, రెండోసారి 26,400. కేబుళ్ళు 14,500. సౌర పరికరాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది. నాలుగు నెలలు ఆగి ఉంటే 11,704 రూపాయలు మిగిలేవి.
ఇప్పటిదాకా: 3,28,964.

దశ 2: బ్యాటరీ గది (జూన్)

గది మూడు మీటర్లు, రెండున్నర మీటర్లు. మా బాబాయి చూపించిన పాత వరద గుర్తుకు ఒక అడుగు పైన అరుగు. పైన రేకు.

మధ్యాహ్నం మూడు గంటలకు గదిలో 46.5 డిగ్రీలు. బ్యాటరీ ఖాళీగా కూర్చున్నా దాని లోపలి సెల్ 44 దగ్గర ఉంది, చార్జింగ్ పెడితే 51కి వెళ్ళింది. చల్లగా ఉంటుందని తాటాకు కప్పుదామన్నారు పని చేసేవాళ్ళు. బ్యాటరీ గది మీద మండే వస్తువు ఏదీ పెట్టకూడదని గట్టిగా అడ్డుపడ్డాను. పడగొట్టిన పాత ఇంటి బంగళా పెంకులు తెచ్చి, రేకుకు అడుగు ఎత్తున వేరే వాసాల మీద పరిపించాను. మధ్యలో గాలి ఆడుతుంది. ఉత్తరపు గోడలో జాలీ, దానికి గుడ్డ వడపోత, ఎదురుగా ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్. అదే ఎండలో గది 38.2కి దిగింది, సెల్ 42 దాటలేదు. ఏసీ అవసరం రాలేదు.

ఇంకో తప్పు వైరింగులోది, చాలామంది చేసేదే. ఐదు ప్యాకుల్నీ వరసగా కలిపి, ప్లస్సూ మైనస్సూ రెండూ మొదటి ప్యాకు దగ్గర నుంచే ఇన్వర్టర్‌కు తీసుకున్నారు. 131 ఆంపియర్ల లోడు పెట్టి ఒక్కో ప్యాకునూ కొలిచాను: 36, 29, 25, 22, 19. ఇన్వర్టర్‌కు దగ్గరిది చివరిదానికి దాదాపు రెట్టింపు మోస్తోంది, రెండేళ్ళలో ముందు అదే పోతుంది. ప్లస్సును మొదటి ప్యాకు నుంచి, మైనస్సును ఐదో ప్యాకు నుంచి తీసుకున్నాక: 28, 26, 25, 25, 27. దీనికి అదనంగా అయింది రెండు మీటర్ల కేబులు.

ఖర్చు: గది 58,000. పెంకులు, ఫ్యాన్ 9,300. ప్యాకులు ఒక్కొక్కటి 61,000 చొప్పున 3,05,000. 10 కిలోవాట్ల మూడు ఫేజుల హైబ్రిడ్ ఇన్వర్టర్ 1,42,000. కేబుళ్ళు, రాగి పట్టీలు, ఫ్యూజులు 23,500.
ఇప్పటిదాకా: 8,66,764.

దశ 3: నాలుగో ఏరేటర్ (జులై)

చెరువు ఖాళీగా ఉన్నప్పుడు నీళ్ళు పెట్టి పరీక్ష చేశాం. ఒకటి వేశాం, నడిచింది. రెండు, మూడు కూడా. నాలుగోది వేయగానే మొత్తం ఆగిపోయింది. ఎనిమిదిసార్లు ప్రయత్నిస్తే ఎనిమిదిసార్లూ నాలుగోదాని దగ్గరే.

దశ 0లో రాసి ఊరుకున్న 19 ఆంపియర్లు ఇదే. ఈ ఇన్వర్టర్ ఫేజుకు 14.4 ఆంపియర్లు ఇస్తుంది, కొన్ని క్షణాలు దానికి రెట్టింపు, అంటే 28.8 దాకా తట్టుకుంటుంది. మూడు నడుస్తుంటే 8.7, నాలుగోది లేవడానికి 19. కలిపితే 27.7, గీత అంచుకు వచ్చేస్తుంది. చక్రం మీద నాచు పేరుకున్నా, వోల్టేజీ కాస్త తగ్గినా దాటేస్తుంది. కిలోవాట్లు మాత్రం చూసి ఇన్వర్టర్ కొంటే జరిగేది ఇదే.

పెద్ద ఇన్వర్టర్‌కు మారమని అమ్మినవారు సలహా ఇచ్చారు. దానికి ఇంకో 70,000 కావాలి. అందుకు బదులు మోటారు వేగాన్ని మెల్లగా పెంచే, తగ్గించే 7.5 కిలోవాట్ల వీఎఫ్‌డీ ఒకటి పెట్టి, నాలుగు మోటార్లనూ దాని వెనక కలిపాను. మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఒక్కోదానికీ విడిగా తప్పనిసరి, ఎందుకంటే వీఎఫ్‌డీకి కనపడేది నాలుగింటి మొత్తం మాత్రమే. ఒక మోటారు కాలిపోతున్నా దానికి తెలియదు. పది సెకన్లలో సున్నా నుంచి 50 హెర్ట్జ్‌కు మెల్లగా పెంచేలా పెట్టాను. నాలుగూ కలిసి లేస్తాయి, మీటరు 12 ఆంపియర్లు దాటలేదు.

దీనితో అనుకోని లాభం ఒకటి వచ్చింది. వేగం తగ్గించవచ్చు. తెడ్డు చక్రానికి వేగం కొద్దిగా తగ్గినా కరెంటు చాలా తగ్గుతుంది. 42 హెర్ట్జ్ దగ్గర ఒక్కో మోటారు 1.55 నుంచి 1.0 కిలోవాట్‌కు దిగింది. వీఎఫ్‌డీ నష్టంతో నాలుగింటికీ 4.2. మూడుంపావు గంటలు వచ్చే బ్యాటరీ దాదాపు ఐదు గంటలు వచ్చింది.

ఆక్సిజన్ సంగతి పంట వేశాక, 60వ రోజు దగ్గర చూశాను. ఒకే వారంలో రెండు రాత్రులు, రాత్రి రెంటి నుంచి ఆరు దాకా:

1. 50 హెర్ట్జ్: డీఓ 4.2 నుంచి 3.6కు.
2. 42 హెర్ట్జ్: డీఓ 4.2 నుంచి 3.1కు.

మూడు కంటే తగ్గలేదు కాబట్టి 42 చాలు. అయితే 90వ రోజు దాటాక అదే 42 దగ్గర 2.6కు పడింది, అప్పుడు 46కు పెంచాను. చెరువులో రొయ్య బరువు పెరిగేకొద్దీ ఈ అంకె మార్చాలి. ఒకసారి పెట్టి మర్చిపోయేది కాదు.

ఖర్చు: వీఎఫ్‌డీ 29,500, రిలేలు నాలుగు 6,600, పెట్టె, చేంజోవర్ 11,000.
ఇప్పటిదాకా: 9,13,864.

దశ 4: సెప్టెంబరు 21, అమావాస్య

చెరువులో రొయ్య పిల్ల వదిలింది ఆగస్టు 10న. సెప్టెంబరు 21 నాటికి 42 రోజులు. అమావాస్యకూ పౌర్ణమికీ రొయ్య పెంకు వదులుతుంది, ఆ రాత్రుల్లో ఆక్సిజన్ ఎక్కువ కావాలి, రొయ్య మెత్తగా, నీరసంగా ఉంటుంది. అందుకే నేను చెరువు దగ్గరే పడుకున్నాను.

మూడూ ఇరవైకి మెలకువ వచ్చింది. నిశ్శబ్దం. ఏరేటర్ల చప్పుడు లేదు. కానీ గట్టు మీద దీపం వెలుగుతోంది. మావయ్య కుర్చీలోనే ఉన్నారు, మేలుకొనే ఉన్నారు. "కరెంటు పోలేదు బాబూ, దీపం ఉంది కదా, నువ్వే ఆపావేమో అనుకున్నాను" అన్నారు. పరుగెత్తి డీఓ మీటరు ముంచాను. పడుకునే ముందు 3.8 ఉన్నది 2.7 దగ్గర ఉంది. వీఎఫ్‌డీ తెర మీద తక్కువ వోల్టేజీ అనే కోడ్ మెరుస్తోంది. మీటరు దాచిన రీడింగుల్లో చూస్తే 2:39కి ఆగింది, అంటే 41 నిమిషాలు.

జరిగింది ఇది. లైను కరెంటు రెప్పపాటు పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీకి మారడానికి సెకనులో యాభయ్యో వంతు పట్టింది. దీపానికి తేడా తెలియలేదు, వీఎఫ్‌డీకి తెలిసింది. అది ఆగిపోయి, ఎవరైనా వచ్చి బటన్ నొక్కుతారని ఎదురుచూసింది. అదే డీజిల్ జనరేటర్ ఒక్కటే ఉంటే కరెంటు పోగానే చీకటి పడుతుంది, మనిషి లేస్తాడు. నేను పెట్టిన ఏర్పాటు చీకటి పడకుండా చూసింది, దానితో హెచ్చరిక కూడా పోయింది. ఆ రాత్రి ఎక్కువ రొయ్య పోలేదు. మేత ఎంత తిన్నాయో చూసే చెక్‌ట్రేలలో తెల్లారి చచ్చినవి ఏడు కనిపించాయి. 90వ రోజున ఇదే జరిగి ఉంటే ఈ డైరీ ఇక్కడితో ఆగిపోయేది.

మార్చినవి:

1. వీఎఫ్‌డీలో దానంతటదే తిరిగి మొదలయ్యే అమరిక, ఐదు సెకన్ల విరామంతో, ఐదుసార్ల దాకా. ఇది పెట్టాక ఏరేటర్ శుభ్రం చేయడానికి నీళ్ళలోకి దిగేవారు ముందు మెయిన్ స్విచ్ దించి తాళం వేయాలి. ఆ మాట తెలుగులో పెద్దక్షరాలతో పెట్టె మీద రాయించాను.
2. మోటార్ల తీగ మీద కరెంటు రిలే. ముప్పై సెకన్లు కరెంటు పారకపోతే సైరన్ మోగుతుంది. సైరన్‌కు విడిగా చిన్న బ్యాటరీ.
3. రోజూ సాయంత్రం మావయ్య మెయిన్ ఒకసారి దించి ఎత్తుతారు. సైరన్ మోగాలి, ఏరేటర్లు తిరిగి లేవాలి. పుస్తకంలో టిక్కు.

ఖర్చు 5,900. మొత్తం ప్రాజెక్టులో ఇంతకంటే విలువైన ఖర్చు లేదు.
ఇప్పటిదాకా: 9,19,764.

దశ 5: పొద్దున్నే వచ్చే లోపం (అక్టోబరు)

వానలు తగ్గి మంచు మొదలైనప్పటి నుంచి ఉదయం ఎనిమిదిన్నర దాకా ఇన్వర్టర్ ప్యానెళ్ళను తీసుకోవడం మానేసింది, ఇన్సులేషన్ లోపం అని చూపిస్తూ. ఎండెక్కాక దానంతటదే సరి అయ్యేది. రోజుకు రెండు మూడు యూనిట్లు పోతున్నాయి.

ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ అద్దెకు తెచ్చి ఉదయం ఆరింటికి చూశాను. ఎనిమిదేసి ప్యానెళ్ళ వరసలు రెండు. మొదటిది 14 మెగా ఓమ్‌లు, రెండోది 0.3. మధ్యాహ్నం రెండోదీ 12 చూపించింది. సగానికి సగం విడగొట్టుకుంటూ వెళ్తే ఆరో ప్యానెల్ కనెక్టర్ దొరికింది. చట్రం నుంచి జారి గట్టు బురద మీద పడుకుని ఉంది. విప్పితే లోపల పచ్చటి పొడి. రాగి తీగను పట్టకారుతో నొక్కి వదిలేశారు బిగించినవాళ్ళు, రబ్బరు వలయం కూడా సరిగా కూర్చోలేదు. ఉప్పు తేమ లోపలికి పాకింది. మిగతావి కూడా విప్పి చూస్తే అలాంటివే ఇంకో ఐదు.

సరైన క్రింపింగ్ పరికరం కొని అన్నీ నేనే మళ్ళీ వేశాను. తగరం పూసిన లగ్గులు వాడాను. కేబుళ్ళను చట్రం కిందికి ఎత్తి కట్టాను, నేలను ఏదీ తాకకుండా. మర్నాడు ఉదయం ఆరింటికి 11 మెగా ఓమ్‌లు.

కొంగలు, నీటికాకుల రెట్టలకు చట్రం పై అంచున రెండు వరసల నైలాన్ తీగ లాగితే చాలింది.

ఖర్చు 12,700.
ఇప్పటిదాకా: 9,32,464.

దశ 6: మొంథా తుఫాను (అక్టోబరు 28 – 31)

తుఫాను 28 రాత్రి నరసాపురం దగ్గరలోనే తీరం దాటింది. ఆ మధ్యాహ్నమంతా బోల్టులు బిగించాం. 1996 నవంబరు తుఫాను చూసిన బాబాయి ప్యానెళ్ళన్నీ దించేయమన్నారు. అప్పటికే గాలి మొదలైంది, ఆ గాలిలో మనుషుల్ని చట్రం ఎక్కించడం ఇష్టంలేక మానేశాను.

సాయంత్రం 7:40కి కరెంటు పోయింది. తిరిగి వచ్చింది 31 తెల్లవారుజామున 5:40కి, 58 గంటల తర్వాత.

మొదటి రాత్రి ఏరేటర్లు వేయలేదు. చెయ్యి స్విచ్ మీదికి వెళ్తూనే ఉంది, కానీ పది గంటలకు డీఓ 5.3, అర్ధరాత్రి 5.1. గాలే నీటిని చిలుకుతోంది. గాలి ఉన్నంతసేపు బ్యాటరీ దాచుకోవాలి, గాలి పడిపోయాక అసలు ప్రమాదం. 29న మబ్బు, ప్యానెళ్ళు 9.4 యూనిట్లే ఇచ్చాయి. ఎండ లేక నాచు ఆక్సిజన్ ఇవ్వలేదు, మధ్యాహ్నం నాలుగు గంటలు జనరేటర్ మీద నడిపాను. ఆ రాత్రి గాలి పూర్తిగా ఆగింది. రెండింటికి డీఓ 3.2. అప్పుడు 42 హెర్ట్జ్‌తో మొదలుపెట్టి ఆరు దాకా బ్యాటరీ మీద లాగాను. 30న ఎండ వచ్చింది, 27 యూనిట్లు. ఆ రాత్రి 11 నుంచి నడపాల్సి వచ్చింది, బ్యాటరీ అయిపోయాక చివర మూడు గంటలు జనరేటర్.

రెండు క్లాంపులు వదులయ్యాయి, ఒక ప్యానెల్ అంచు 4 మిల్లీమీటర్లు లేచింది. ఇంకేమీ పోలేదు. ప్యానెళ్ళ మీద ఉప్పు పొర పట్టింది. మధ్యాహ్నం 4.9 కిలోవాట్లు ఇస్తున్నవి కాలువ నీళ్ళతో కడిగితే 5.8కి లేచాయి.

దశ 7: లెక్క (డిసెంబరు 20)

పంట కాలంలో జనరేటర్ 9 గంటలు నడిచింది, నెలనెలా చేసిన పరీక్షతో కలిపి. డీజిల్ 29 లీటర్లు. ముందు పంటకు 448.

ప్యానెళ్ళ భాగాన్నీ బ్యాటరీ భాగాన్నీ విడదీసి చూడాలి, కలిపి చూస్తే మోసపోతాం.

ప్యానెళ్ళు, చట్రం, పునాదులు, కేబుళ్ళు, కనెక్టర్లు: 3,33,864. రోజుకు సగటున 33 యూనిట్లు, ఏడాదికి చెరువు నడిచేది 240 రోజులు, అంటే 7,920 యూనిట్లు. 1.50 రాయితీ ధరకు ఏడాదికి 11,880 రూపాయలు. పెట్టుబడి తిరిగి రావడానికి 28 ఏళ్ళు. రాయితీ లేక 3.85 కట్టే రైతుకు 30,492, అంటే 11 ఏళ్ళు. రాయితీ ఉన్నవారు నాలాగా 16 ప్యానెళ్ళు పెట్టకండి. ఎనిమిది చాలు. తుఫాను రోజుల్లో ఎనిమిదే ఉంటే జనరేటర్ ఇంకొన్ని గంటలు నడిచేది, అంతే.

బ్యాటరీ, ఇన్వర్టర్, వీఎఫ్‌డీ, గది, మీటర్లు: 5,98,600. పంటకు మిగిలిన డీజిల్ 419 లీటర్లు, 40,643 రూపాయలు. జనరేటర్ సర్వీసులో 3,000. ఏడాదికి రెండు పంటలకు 87,286. దాదాపు ఏడేళ్ళు. 2024లో పోయినంత నష్టం ఒక్కసారి తప్పినా మూడున్నర ఏళ్ళు. ఆ వరసను పుస్తకంలో విడిగా రాశాను. జరగని నష్టాన్ని ఆదాయంగా కలిపి చూపించి అప్పు తీసుకోవడం నాకు ఇష్టంలేదు.

పక్క చెరువు వాళ్ళు ముగ్గురు వచ్చి చూశారు. వాళ్ళలో ఒకరికి నా ఎనిమిది ప్యానెళ్ళు అమ్మే మాట నడుస్తోంది.

మిగిలిన పని ఒకటుంది. పూర్తి చార్జింగ్‌లో మూడో ప్యాకు సెల్‌ల మధ్య తేడా 38 మిల్లీవోల్టులు, మిగతా నాలుగింటిలో 9 నుంచి 12. రెండు రోజులు 56 వోల్టుల దగ్గర నిలిపి ఉంచితే 24కు దిగింది. పదకొండో సెల్ ఇంకా వెనకే ఉంది. తర్వాతి రీడింగు జనవరి 5న.